కొత్త ఇంటికి నిర్మాణ లోపాల బీమా: ఎంపికలో గమనించవలసిన విషయాలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టిన రోజుల్లో ఇల్లు కట్టించేవాడూ అందులో కాపురముండేవాడూ ఒకడే. మట్టి ఏ చెరువుదో, దూలం ఏ చెట్టుదో, గోడ పెట్టిన సుతారి ఎవరి కొడుకో అతనికి తెలుసు. గోడ కుంగితే ఎవరిని పిలవాలో కూడా తెలుసు. ఈనాడు పరిస్థితి వేరు. పునాది పూడ్చేశాక, రంగులు వేశాక, విద్యుద్దీపాల తోరణాలు కట్టాక మనం ఇల్లు చూస్తాం. లోపల ఎన్ని ఊచలున్నాయో, కాంక్రీటులో ఏ నీళ్లు పోశారో మనకు కనబడదు. కనబడని వస్తువును, అదీ ఇరవై ఏళ్ల అప్పుతో, కొంటున్నాం.

అప్పు సంగతి ముందుగా ఒక లెక్కలో చూద్దాం. ఒకరు 30 లక్షల రూపాయలను 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా సుమారు 27 వేలు. అయిదేళ్లలో వారు బ్యాంకుకు కట్టేది 16 లక్షల పైచిలుకు. అయినా ఆ అయిదేళ్ల చివర ఇంకా మిగిలే అసలు సుమారు 26 లక్షల 60 వేలు. సరిగ్గా ఆ అయిదో ఏటనే, చట్ట ప్రకారం, లోపాలను సరిచేయవలసిన బిల్డరు బాధ్యత ముగుస్తుంది. అప్పు ఇరవై ఏళ్లు, బాధ్యత అయిదేళ్లు. మధ్యలో ఉన్న ఆ పదిహేనేళ్ల ఖాళీని గురించే ఈ వ్యాసం.

1. ఒక పగులు, నలుగురు ముద్దాయిలు

ఉదాహరణకు మా మేళ్లచెరువునే తీసుకుందాం. పూర్వపు నల్లగొండ జిల్లాలో, 2016 అక్టోబరు తరువాత సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ ఊరు బయటివారికి రెండు విధాలుగా తెలుసు: ఒకటి స్వయంభు శంభులింగేశ్వరస్వామి ఆలయం, శివరాత్రి జాతర, రెండవది సిమెంటు. కృష్ణానది ఈవలి ఒడ్డున పరుచుకున్న సున్నపురాయి పొరల మూలంగా 1980ల నుంచి ఈ చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు ఒకదాని తరువాత ఒకటి వెలిశాయి. ఎన్నో పట్టణాల ఇళ్లకు ఇక్కడి సిమెంటే పోతుంది. అటువంటి చోట ఇంటి గోడకు నెర్రె పడితే "సిమెంటు ఊళ్లో కూడానా?" అని నవ్వేవారున్నారు. కానీ ఇల్లు నిలబడేది సిమెంటు ఒక్కదాని మీదనే కాదు.

ఇక్కడ ఒక గోడ పగిలిందంటే దానికి నలుగురు ముద్దాయిలు ఉండవచ్చు.

మొదటి ముద్దాయి నేల. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఈ ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. రేగడి వానాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి బీటలు వారుతుంది. దాని మీద లోతు తక్కువ పునాది వేస్తే ఇల్లు కూడా దానితోపాటు లేస్తుంది, దిగుతుంది. పైగా ఒకే స్థలంలో ఒక మూల రాయి, మరో మూల రేగడి తగలవచ్చు. రాయి మీది పుట్టింగు కదలదు, రేగడి మీది పుట్టింగు కదులుతుంది. మధ్యలో గోడ చీలుతుంది.

రెండవ ముద్దాయి పని. ఊచలకు చాలినంత కాంక్రీటు కవరు ఇవ్వకపోవడం, కాంక్రీటు జారాలని నీళ్లు ఎక్కువ పోయడం, స్లాబును నాలుగు రోజులు తడిపి వదిలేయడం, డిజైనులో లేని అంతస్తు తరువాత లేపడం వంటివన్నీ దీని కిందికి వస్తాయి.

మూడవ ముద్దాయి భూకంపం. 2020 జనవరి 26 తెల్లవారుజామున చింతలపాలెం పరిసరాల్లో, అంటే పులిచింతల జలాశయం వెనుక నీటి పక్కన, సుమారు 4.6 తీవ్రతతో భూమి కంపించింది. ఆ రోజుల్లో చిన్నచిన్న ప్రకంపనలు పలుమార్లు వచ్చి జనం ఆరుబయట పడుకున్నారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వచ్చి ఇక్కడ పరికరాలు అమర్చారు. "మన దక్కను నేల గట్టిది, భూకంపాలు రావు" అన్న నమ్మకం 1993లో లాతూరు ప్రాంతంలోనే పోయింది. అయినా మన ఊళ్లదాకా వచ్చేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు.

నాలుగవ ముద్దాయి పొరుగు పని. గనుల్లో పేలుళ్లు కావచ్చు, పక్క స్థలంలో తవ్వకం కావచ్చు. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి సమీపాన సిద్దిఖీనగర్‌లో ఒక బహుళ అంతస్తుల ఇల్లు రాత్రికి రాత్రి పక్కకు ఒరిగింది. పక్క స్థలంలో పునాదికి తవ్విన గుంత వల్లనే ఇది జరిగిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. మరునాడే ఆ ఇంటిని కూల్చివేశారు.

ఈ నలుగురిలో ఎవరు చేశారన్నది తేలితే తప్ప డబ్బు ఎవరిస్తారన్నది తేలదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బిల్డరు భూకంపాన్ని చూపిస్తాడు. బీమా కంపెనీ బిల్డరు పనిని చూపిస్తుంది. గని యజమాని నల్లరేగడిని చూపిస్తాడు. నేలకు నోరు లేదు. ఇంటి యజమాని మాత్రం నెల నెలా వాయిదా కడుతూ ఉంటాడు. కాబట్టి నిర్మాణ లోపాల బీమాను ఎంచుకునేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న "ప్రీమియం ఎంత?" అన్నది కాదు. "తప్పు ఎవరిదో తేలకముందే ఇది నాకు డబ్బు ఇస్తుందా?" అన్నది.

2. మన చేతికి వచ్చే నాలుగు కాగితాలు

కొత్త ఇల్లు కొన్నవారిని "నీ ఇంటికి బీమా ఉందా?" అని అడిగితే చాలామంది "ఉంది, బ్యాంకువాళ్లే చేయించారు" అంటారు. నిజానికి వారి దగ్గర ఉండే కాగితాలు వేరువేరు పనులు చేసేవి. ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

మొదటిది, రెరా చట్టం కింద బిల్డరు బాధ్యత. 2016 నాటి స్థిరాస్తి క్రమబద్ధీకరణ చట్టంలో 14వ సెక్షను మూడవ ఉపవిభాగం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో, నాణ్యతలో లోపం గానీ బిల్డరు దృష్టికి తెస్తే అతడు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. ఇది మంచి నిబంధన. అయితే ఇది బీమా కాదు, బిల్డరు బాధ్యత. బాధ్యత మోసేవాడు నిలబడి ఉంటేనే దానికి విలువ. ఒక్క అపార్టుమెంటు కోసం పెట్టుకున్న భాగస్వామ్య సంస్థ, అమ్మకాలు కాగానే రద్దయిపోతే ఆ అయిదేళ్లు ఎవరిని అడగాలి? అదే చట్టం 16వ సెక్షను భూమి హక్కుకూ నిర్మాణానికీ బిల్డరు బీమా చేయించాలని చెబుతుంది గానీ, ప్రభుత్వం నోటిఫై చేసిన బీమాలకే అది వర్తిస్తుంది. పైగా స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయనక్కరలేదు. కోదాడ, హుజూర్‌నగర్ వంటి పట్టణాల్లో లేచే చిన్న అపార్టుమెంట్లలో ఎన్నో ఈ పరిమితి లోపలే ఉంటాయన్నది గమనార్హం.

రెండవది, కాంట్రాక్టరు తీసుకునే 'ఆల్ రిస్క్స్' పాలసీ. ఇది కట్టడం సాగుతున్నంత కాలం జరిగే ప్రమాదాలకు. 2014లో చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో మన శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఉన్నారు. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఏడంతస్తుల భవనం కూలింది. ఇవి కడుతుండగా జరిగిన ఘోరాలు. ఇటువంటి సమయానికే ఈ పాలసీ. కానీ ఇందులో కూడా డిజైను లోపాన్ని మినహాయిస్తారు. నాసిరకం పనిని తిరిగి చేయడానికి అయ్యే ఖర్చు ఇవ్వరు. ఇల్లు అప్పగించాక, కొద్దికాలపు నిర్వహణ గడువు దాటితే, ఈ పాలసీ ముగిసినట్లే. గృహప్రవేశం చేసినవారికి దీనితో దాదాపు పనిలేదు.

మూడవది, గృహ బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ ఇస్తున్నాయి. అగ్ని, పిడుగు, తుఫాను, వరద, భూకంపం వంటివి ఇందులో ఉన్నాయి. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. ఇంటి బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. మా ప్రాంతంలో 2020 తరువాత ఇది ప్రతి ఇంటికీ అవసరమని చెప్పక తప్పదు. భూమి కుంగడం కూడా ఇందులో ఉంది. "అయితే ఇంకేం, పునాది కుంగినా వస్తుంది కదా" అనుకుంటాం. ఆ కుంగుబాటు వాక్యం పక్కనే ఉన్న మినహాయింపులు చదవాలి: కొత్త కట్టడం మామూలుగా సర్దుకోవడంలో వచ్చే పగుళ్లు, పూడ్చి ఎత్తుచేసిన నేల కదలడం, లోపభూయిష్టమైన డిజైను, పనితనం, నాసిరకం సామగ్రి, పక్కన తవ్వకాలు. అంటే కొత్త ఇంటికి ఎక్కువగా ఏవి జరుగుతాయో వాటినే వరుసగా తీసేశారన్నమాట. ఇందులో మోసమేమీ లేదు. ప్రకృతి విపత్తుకు బీమా వేరు, మనిషి పనికి బీమా వేరు. ఆ తేడా తెలియక కొనడంలోనే నష్టం ఉంది.

నాలుగవది, ఇంజనీరు తీసుకునే వృత్తి బాధ్యతా పాలసీ. డిజైనులో అజాగ్రత్త రుజువైతే ఇది పనికివస్తుంది. అయితే ఇటువంటి పాలసీలు సాధారణంగా క్లెయిము వచ్చిన నాటికి అమలులో ఉంటేనే చెల్లుతాయి. ఏడేళ్ల తరువాత పగులు కనబడితే, ఆనాటికి ఆ ఇంజనీరు పాలసీ కడుతున్నాడో లేదో ఎవరికి తెలుసు?

వీటికి తోడు బ్యాంకులు అప్పుతోపాటు అంటగట్టే జీవిత బీమా ఒకటుంది. అది మనిషికి, ఇంటికి దానితో సంబంధం లేదు.

నాలుగు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, బిల్డరు బాధ్యత తీరాక ఆరో ఏట స్లాబులో బయటపడే లోపానికి వీటిలో ఏదీ నేరుగా బాధ్యత తీసుకోదన్నది విశదమవుతుంది.

3. అసలైన నిర్మాణ లోపాల బీమా ఎలా ఉంటుంది?

ఈ ఖాళీని పూడ్చడానికి ఇతర దేశాలు ఎప్పుడో దారులు వెతికాయి. ఫ్రాన్సులో 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతిలోనే కట్టినవాడికి పదేళ్ల బాధ్యత ఉంది. అయితే పైన చెప్పిన చిక్కే అక్కడా వచ్చింది: తప్పు ఎవరిదో కోర్టులు తేల్చేలోగా ఇంటివాళ్లు ఏళ్ల తరబడి కారే కప్పు కింద గడిపేవారు. అందుకని 1978 జనవరిలో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం రెండు బీమాలు ఉంటాయి. కట్టించేవాడు ఇంటి పేర ఒక పాలసీ, కట్టేవాళ్లు తమ బాధ్యతకు మరొక పాలసీ తీసుకోవాలి. లోపం బయటపడగానే మొదటి పాలసీ ఇంటివాళ్లకు మరమ్మతు డబ్బు ఇచ్చేస్తుంది. ఆ తరువాత ఆ కంపెనీయే కాంట్రాక్టరు మీదనో ఇంజనీరు మీదనో పడి వసూలు చేసుకుంటుంది. క్లెయిము చెల్లుతుందా లేదా అన్నది 60 రోజుల్లో చెప్పాలి, చెల్లేదయితే ఎంత ఇస్తారో 90 రోజుల్లో చెప్పాలి. కొట్లాట కంపెనీల మధ్య జరుగుతుంది, ఇంటివాడు మధ్యలో నలగడు.

బ్రిటన్‌లో 1936లో ఏర్పడిన గృహనిర్మాతల నమోదు సంస్థ, నేటి జాతీయ గృహనిర్మాణ మండలి, కొత్త ఇళ్లకు పదేళ్ల వారంటీ ఇస్తుంది. మొదటి రెండేళ్లు బిల్డరు సరిచేయాలి, మూడు నుంచి పదో ఏడు వరకు పెద్ద నిర్మాణ లోపాలకు బీమా ఉంటుంది. ముఖ్యవిషయమేమిటంటే, ఆ సంస్థ తనిఖీదారులు కట్టడం సాగుతుండగానే దశలవారీగా వచ్చి చూస్తారు.

జపాను అనుభవం మనకు మరింత దగ్గర. అక్కడ 1999లో చేసిన చట్టంతో కొత్త ఇంటి ముఖ్య భాగాలకు పదేళ్ల బాధ్యత వచ్చింది. చట్టం ఉంది, అందరూ నిశ్చింతగా ఉన్నారు. 2005లో ఒక వాస్తుశిల్పి భూకంప నిరోధక లెక్కలను తప్పుగా చూపి ఎన్నో భవనాలకు అనుమతులు సంపాదించిన సంగతి బయటపడింది. ఆ ఫ్లాట్లు అమ్మిన ఒక పెద్ద సంస్థ దివాలా తీసింది. పదేళ్ల బాధ్యత కాగితం మీద మిగిలింది, మోసేవాడు లేడు. అప్పుడు 2007లో మరో చట్టం తెచ్చారు: ఇళ్లు అమ్మేవారు బీమా అయినా చేయించాలి, లేదా తగిన సొమ్ము డిపాజిట్టుగా అయినా కట్టాలి. 2009 అక్టోబరు నుంచి అది అమలులోకి వచ్చింది. మనం ఈనాడు రెరా చట్టంతో ఉన్నచోటు, జపాను 2005కు ముందు ఉన్నచోటే అనిపిస్తుంది.

మన దేశంలో 'అంతర్గత లోపాల బీమా' పేరుతో చెప్పుకునేది ఈ తరగతిదే. ఇంకా విరివిగా దొరకదు. పెద్ద ప్రాజెక్టులకే అడిగి చేయించుకోవలసి ఉంటుంది. దాని లక్షణాలు స్థూలంగా ఇవి. పునాది, పిల్లర్లు, దూలాలు, స్లాబులు, బరువు మోసే గోడలు దీని కిందికి వస్తాయి. గడువు సాధారణంగా పూర్తయిన నాటి నుంచి పదేళ్లు. ప్రీమియం ఒకేసారి, బిల్డరు కడతాడు. పాలసీ ఇంటితోపాటు కొన్నవారికి సంక్రమిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, డిజైను దశ నుంచీ బీమా కంపెనీ తరఫున ఒక స్వతంత్ర సాంకేతిక తనిఖీ బృందం ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక వెళ్లి "ఇప్పుడు చేయండి" అంటే ఎవరూ చేయరు. తాము కళ్లతో చూడని పునాదికి పూచీ పడడానికి వారేమీ అమాయకులు కారు. మరి మనం ఎందుకు పడుతున్నాం?

4. ఎంచుకునేటప్పుడు అడగవలసినవి

బిల్డరు "మా ప్రాజెక్టుకు లోపాల బీమా ఉంది" అన్నప్పుడు బ్రోచరు చూసి సంతోషపడక, పాలసీ ప్రతి తెప్పించుకుని ఈ క్రింది విషయాలు చూడాలి.

ఒకటి, పాలసీ ఎవరి పేర ఉంది? బిల్డరు పేర మాత్రమే ఉంటే అది అతడి రక్షణకు. కొన్నవారికీ, నివాసుల సంఘానికీ బదిలీ అవుతుందని స్పష్టంగా రాసి ఉండాలి.

రెండు, తప్పు రుజువు చేయవలసిన భారం ఎవరిది? లోపం ఉందని తేలితే చాలునా, లేక బిల్డరు అజాగ్రత్త కూడా కోర్టులో తేలాలా? రెండవ రకమైతే ఆ పాలసీ మన ముదిమికి పనికివస్తుంది.

మూడు, 'నిర్మాణ లోపం' అన్న మాటకు వారి నిర్వచనమేమిటి? కొన్ని పాలసీలు కూలిపోయే ప్రమాదం ఉంటేనే అంటాయి. అప్పటికి ఇంట్లో ఉండేవారు ఎక్కడుంటారు? ఊచలు తుప్పు పట్టి స్లాబు బలం తగ్గిన దశలోనే వర్తించాలి. 2022 ఫిబ్రవరిలో గురుగ్రాం చింటెల్స్ పారడైసో అపార్టుమెంట్లలో ఒక ఫ్లాటు కప్పు కూలి కింది అంతస్తుల మీద పడి ఇద్దరు మరణించారు. కాంక్రీటులో క్లోరైడు ఎక్కువగా ఉన్నదని ఢిల్లీ ఐఐటి నిపుణులు తేల్చారు. అటువంటి లోపం బయటికి పెద్ద పగులుగా కనబడేనాటికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది.

నాలుగు, నీటి కారుడు ఉందా? చాలా పాలసీల్లో అది అదనపు ప్రీమియంతో, తక్కువ కాలానికి మాత్రమే ఉంటుంది.

అయిదు, బీమా మొత్తం ఎంత? మనం కొన్న ధరలో స్థలం విలువ కూడా ఉంటుంది. పాలసీలో ఉండవలసింది తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు, కూల్చి శిథిలాలు ఎత్తే ఖర్చుతో సహా. ధరలు పెరిగే కొద్దీ ఆ మొత్తం పెరగాలి. పైగా అపార్టుమెంటులో పిల్లరు ఒక్కరిది కాదు. ఒక ఫ్లాటువాడి పాలసీతో ఉమ్మడి పిల్లరు బాగుపడదు. భవనం మొత్తానికీ బీమా ఉండాలి.

ఆరు, మన వంతు కోత ఎంత? ప్రతి క్లెయిములో మొదటి 5 లక్షలు మీవే అని రాసి ఉంటే, 4 లక్షల మరమ్మతులన్నీ మన నెత్తినే.

ఏడు, మనం చేసే మార్పులు. హాలు పెద్దది చేద్దామని గోడ తీసేసినా, మిద్దె మీద గది లేపినా పాలసీ చెల్లకపోవచ్చు.

ఎనిమిది, తనిఖీ ఎవరు చేశారు? వారి నివేదికలు ఇస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు వస్తే మిగతా ఏడింటిలో సగం భయం తీరుతుంది. పునాది తెరిచి ఉండగా నిష్పాక్షికుడైన మనిషి ఒకడు వచ్చి చూసిన ఇంట్లో బీమా అవసరమే అరుదుగా వస్తుంది.

5. సొంతంగా కట్టుకునేవారి సంగతి

ఇక మేళ్లచెరువు వంటి ఊళ్లలో ఎక్కువమంది కొనరు, కట్టుకుంటారు. సుతారి మేస్త్రికి చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇస్తారు. పులిచింతల ముంపు గ్రామాల నుంచి లేచి వచ్చినవారు కొత్త కాలనీల్లో కట్టుకున్నా, 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద అయిదు లక్షలు దశలవారీగా తీసుకుని కట్టుకుంటున్నా, కట్టించేది ఇంటివాళ్లే. వీరికి రెరా బిల్డరు లేడు, పదేళ్ల పాలసీ లేదు. "గట్ల నెర్రెలు వస్తనే ఉంటయి, సున్నం పూస్తే పోతది" అన్న మేస్త్రి మాటే వారంటీ. మరి వీరేం చేయాలి?

బీమా కంపెనీ తన డబ్బు కాపాడుకోవడానికి ఏం చేస్తుందో అదే చేయాలి.

మొదట నేల పరీక్ష. రేగడి ఎంత లోతుందో కనీసం రెండు మూలల్లో తవ్వి చూడాలి. రేగడి లోతుగా ఉంటే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వృద్ధి చేసిన, కింద ఉల్లిగడ్డలా ఉబ్బి ఉండే పైల్ పునాదుల వంటి పద్ధతులు ఉన్నాయి. ఇంజనీరుకు ఇచ్చే నాలుగు వేలు దండుగ అనుకుని ఇంటి చుట్టూ గ్రానైటు పరిచేవారిని చూస్తున్నాం.

రెండవది, రాతమూలకమైన ఒప్పందం. అందులో కాంక్రీటు మిశ్రమం, ఊచల సైజులు, కవరు, తడిపే రోజులు రాయాలి. భారత ప్రమాణం 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటుకు, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కనీసం 10 రోజులు తడపాలి. మన ఎండలకు పది రోజులే లెక్క. కవరు పిల్లర్లకు 40 మిల్లీమీటర్లు, పుట్టింగులకు 50. ఈ అంకెలు ఏ మేస్త్రికయినా అర్థమయ్యేవే.

మూడవది, కొంత సొమ్ము ఆపి ఉంచడం. గుత్త మొత్తంలో 5 శాతం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక ఇస్తామని ముందే రాసుకోవాలి. 12 లక్షల గుత్తలో అది 60 వేలు. రేగడి మీది ఇల్లు తన గుణం చూపించేది ఆ రెండు కాలాల్లోనే.

నాలుగవది, ఫోటోలు. పుట్టింగు పూడ్చకముందు, స్లాబు పోయకముందు ఊచలు కనబడేటట్లు, టేపు పక్కన పెట్టి, తేదీతో తీసి దాచాలి. ఇంట్లో చేరాక గదులన్నిటినీ ఒకసారి తీసి పెట్టుకోవాలి. 2020 నాటి ప్రకంపనల వంటివి మళ్లీ వచ్చి, గృహ బీమా కింద క్లెయిము పెట్టవలసి వస్తే, "ఈ పగులు ముందే ఉంది" అన్న మాటకు ఆ ఫోటోలే జవాబు. గని పేలుళ్ల మీద ఫిర్యాదు చేసినా రుజువు భారం మనదే కదా.

అయిదవది, పగులును కొలవడం. గారలో వచ్చే వెంట్రుకలాంటి గీతలకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు, పిల్లరు వెంట నిలువునా తుప్పు మరకతో వచ్చే పగులు, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పగులు అనుమానించదగినవి. పగులు మీద అడ్డంగా సన్నని గాజు పలక అతికించి తేదీ రాయాలి. గాజు విరిగితే ఇల్లు ఇంకా కదులుతున్నదన్నమాట. రెండు రూపాయల గాజు ముక్క ఒక్కోసారి పెద్ద వకీలు చెప్పలేని సాక్ష్యం చెబుతుంది.

ఆరవది, న్యాయమార్గం. ఇల్లు కట్టడం కూడా వినియోగదారుల చట్టం కింద 'సేవ' అని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో అభివృద్ధి సంస్థ కేసులో చెప్పింది. 2019 నాటి కొత్త చట్టం కింద కూడా జిల్లా కమిషనుకు పోవచ్చు. అయితే కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. నోటిమాటగా అడుగుతూ ఆ రెండేళ్లు గడిపేస్తే గడువు మన కోసం ఆగదు. పగులు కనబడిన నెలలోనే రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం రాయాలి.

6. విద్యార్థి మిత్రులకు

ఇది ఇంజనీరింగు విషయమా, వాణిజ్య విషయమా, న్యాయ విషయమా అని అడిగితే మూడూ. అందుకే ఎవరూ తమది అనుకోవడం లేదు. ఇంజనీరు పాలసీ చదవడు, బీమా ఏజెంటు పునాది చూడడు, వకీలు రెండూ అయ్యాక వస్తాడు. మన కళాశాలలో ఈ మూడు శాఖలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. సివిల్ ప్రయోగశాలలో కాంక్రీటు దిమ్మెలను 28 రోజులకు నలగగొట్టి చూసే యంత్రం ఉంటుంది. సెలవుల్లో ఊరికి పోయే ప్రతి విద్యార్థీ తన వాడలో కడుతున్న ఒక ఇంటి పునాదిని, అది తెరిచి ఉండగా, ఒకసారి చూసి, నాలుగు ఫోటోలు తీసి, ఇంటివాళ్లతో ఒక ఒప్పందం రాయించగలిగితే, పదేళ్ల పాలసీ చేసే పనిలో ముఖ్యభాగం జరిగిపోయినట్లే.

ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. రెరా 16వ సెక్షను కింద నిర్మాణ లోపాల బీమాను తప్పనిసరి చేసి, ఎనిమిది ఫ్లాట్ల లోపు కట్టడాలకు కూడా అందుబాటు ధరలో ఒక ఉమ్మడి పథకం పెట్టవచ్చు. జపాను ఒక దివాలా చూశాక మేల్కొన్నది. మనం ఆ దివాలా దాకా ఆగనక్కరలేదు.

అంతవరకు ఇల్లు కొనేవారు ముందు పునాది ఫోటోలు అడగాలి, తరువాత పాలసీ ప్రతి అడగాలి, ఆ తరువాతే ధర మాట్లాడాలి. మొదటి రెండింటికి "అవన్నీ ఎందుకండీ, మా మీద నమ్మకం లేదా?" అన్న జవాబు వస్తే, అడ్వాన్సు ఇవ్వకుండా లేచి రావడమే మంచి ఎంపిక.